బండి చల్లారే దాకా

"నువ్వు బయటికొచ్చి చూస్తావా, చూడకుండానే తీసుకోమంటావా?"

గడపలో నిలబడి కూతురు అలా అడగడం అది నాలుగోసారి. బండ్లు బాగుచేసే మేస్త్రి వంటింట్లో పీట మీద కూర్చుని, శుభ్రంగా మండే పొయ్యి బర్నరును ఊడదీసి, గుండుసూదితో దాని కన్నాలు పొడుస్తున్నాడు.

"అది బాగానే ఉంది నాన్నా. పొద్దున టీ దాని మీదే పెట్టాను."

"బాగున్నట్టు కనబడేవన్నీ బాగున్నట్టు కాదు."

"ఆ ముక్కేదో బయటికొచ్చి మామయ్యతో అను. అరగంట నుంచి ఎండలో నిలబడ్డాడు."

"నిలబడమని నేను చెప్పానా?"

బండి వచ్చి షెడ్డు ముందు ఆగిన చప్పుడు అతను ఇందాకే విన్నాడు. రేడియేటర్ ఉన్న మోటారు సైకిలు. చాలా దూరం నుంచి ఆగకుండా వచ్చింది. గేరు మార్చిన తీరును బట్టి తోలిన మనిషెవరో కూడా తెలిసిపోయింది. ఆ మనిషి ఈ గడప తొక్కి మూడేళ్లయింది. తొక్కవద్దన్నది తనే. భార్యను సాగనంపి ఇంటికొచ్చిన సాయంత్రం, నలుగురూ వింటుండగా అన్నాడు: "వ్యానులో నీళ్లు పోసుకోవడం చేతకాని వెధవ నా పెళ్ళాన్ని చంపాడు." భార్య తమ్ముడు తల దించుకుని విన్నాడు. అలాగే వెళ్లిపోయాడు.

ఆ వెళ్లినవాడు ఇవాళ బండి అమ్మడానికి వచ్చాడు.

"సోమవారం నేను ఉద్యోగంలో చేరాలి," అంది కూతురు. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది. "పద్నాలుగు పాల కేంద్రాలు తిరిగి పాలు పరీక్ష చెయ్యాలి. సొంత బండి లేకపోతే రావద్దని కాగితంలోనే రాశారు. రెండేళ్లు ఎదురు చూశాను నాన్నా దీని కోసం."

"వద్దన్నానా?"

"మూడు బండ్లు వద్దన్నావు. ఒకదానికి ఫోర్కు వంకరన్నావు. ఒకదానికి కాగితాలు తేడా అన్నావు. మూడోదాని ఓనరు మొహం బాలేదన్నావు."

"బాలేదు మరి."

"ఇవాళ శనివారం. ఇంకెవరినీ వెతికే ఓపిక నాకు లేదు. మామయ్యకి ఫోన్ చేసింది నేను. ఆయనంతట ఆయన రాలేదు. తిట్టాలంటే నన్ను తిట్టు."

గుండుసూది ఆగింది. మేస్త్రి దాన్ని చొక్కా అంచుకు గుచ్చుకుని లేచాడు. విప్పిన బర్నరును అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

బావమరిది బండి పక్కనే ఉన్నాడు. చిక్కిపోయాడు. కుడికాలి మీద బరువు వెయ్యకుండా నిలబడ్డాడు.

"బాగున్నావా బావా?"

మేస్త్రి బండిని చూశాడు. మనిషిని చూడలేదు. ఇంజన్ దగ్గర అరచెయ్యి గాలిలో ఆపాడు. తాకకుండానే సెగ తగిలింది.

"వేడి బండి నేను చూడను."

"నాన్నా!"

"చూడనన్నాను. రేడియేటర్ బండిని చల్లారాకే చూడాలి. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి, వేడి చేసి నిలబెడతారు. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది. తీయకపోతే లోపల నీళ్లున్నాయో లేవో దేవుడికి తెలియాలి. పదకొండు దాకా ఎవరూ తాళం ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది."

"అంత దూరం నుంచి మోసుకు రాలేను కదా బావా, తోలుకొచ్చాను," అన్నాడు బావమరిది.

"నేనేమన్నా అన్నానా?"

"అయితే పదకొండుకి మళ్లీ వస్తాను."

"ఎక్కడికీ వద్దు మామయ్యా," అంటూ కూతురు షెడ్డులోంచి బెంచీ లాక్కొచ్చి నీడలో వేసింది. "కూర్చో. నాన్నా, నువ్వూ కూర్చో. ఆ బండి నువ్వు చూడకుండా నేను వదలను, మీ ఇద్దరినీ వదలను."

షెడ్డులో ఉన్నది ఆ ఒక్క బెంచీయే. మేస్త్రి ఒక చివర కూర్చున్నాడు. బావమరిది ఇంకో చివర. మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత ఖాళీ.

పక్కింటి దర్జీ గోడ మీద మోచేతులు ఆనించి తొంగి చూశాడు. ఆ ఇంట్లో మంచి జరిగినా చెడు జరిగినా ముందు తెలిసేది ఆయనకే.

"ఏం మేస్త్రీ, ఇద్దరూ ఒక్క బెంచీ మీదే! ఫొటో తీయనా?"

"పోయి నీ మిషన్ తొక్కుకో."

"తొక్కుతూనే ఉన్నానయ్యా. నీ కంటే అదే నయం, తొక్కితే కదులుతుంది."

దర్జీ తల గోడ వెనక్కి పోయింది. కాసేపటికి మిషన్ చప్పుడు మొదలైంది. బండి ఇంజన్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.

"మోకాలు వంగట్లేదు బావా," అన్నాడు బావమరిది చాలాసేపటికి. "బండి ఆపి కాలు కింద పెడితే నిలవట్లేదు. అందుకే ఇచ్చేద్దామని."

"నేనడగలేదు."

"అడగలేదులే. ఊరికే చెప్పాను."

కూతురు టీ తెచ్చింది. ఒక గ్లాసు తండ్రికిచ్చి, రెండోది మామయ్య చేతిలో పెట్టింది. "నీ దాంట్లో చక్కెర వెయ్యలేదు."

మేస్త్రి గ్లాసు పెదవుల దాకా వెళ్లి ఆగింది. "వీడు చక్కెర మానేసిన సంగతి నీకెలా తెలుసు?"

కూతురు తడబడలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుందని తెలిసినట్టే ఉంది. "నెలకోసారి వెళ్తాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి నుంచీ."

"మూడేళ్లుగానా?"

"మూడేళ్లుగా. ఆయన మొహం అమ్మ మొహంలా ఉంటుంది నాన్నా. చూసి రావాలనిపించి వెళ్తాను. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. మేస్త్రి టీ తాగలేదు. అది మీగడ కట్టి చల్లారింది.

నెలకోసారి. ముప్పై ఆరు సార్లు. అన్నిసార్లు వీళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు, ఏదో మాట్లాడుకున్నారు.

"ఏం చెప్పావు దానికి?" గొంతు తగ్గించి అడిగాడు.

"దేని గురించి?"

"నీకు తెలుసు."

బావమరిది గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "ఏం చెప్పలేదు."

"ఎందుకని?"

"అక్క పోయింది. పిల్లకి నాన్న కూడా పోవాలా బావా?"

మేస్త్రి ఆ మాటలో తప్పు వెతకబోయాడు, దొరకలేదు. దొరకనందుకు ఇంకా ఒళ్లు మండింది.

భార్య పోవడానికి ముందు రోజు సాయంత్రం బావమరిది వ్యాను ఈ షెడ్డుకే వచ్చింది. "వేడి చూపే ముల్లు పైకెక్కుతోంది బావా, ఒకసారి చూడు," అన్నాడు. ఆ రోజు షెడ్డు ముందు ఆరు బండ్లున్నాయి. అందరూ తొందరపెడుతున్నారు. ఇంటి మనిషి బండే కదా అని, వేడి మీదున్న వ్యాను రేడియేటర్ మూత తీయకుండా, దాని పక్కనే ఉండే చిన్న నీళ్ల డబ్బాను మాత్రం చూశాడు. డబ్బాలో నీళ్లు గీత దాకా ఉన్నాయి. "బాగానే ఉంది, పో," అన్నాడు.

డబ్బా నిండుగా ఉంటుంది. రేడియేటర్ మూతలో రబ్బరు పోయినప్పుడు వేడికి నీళ్లు డబ్బాలోకి పోతాయి గానీ తిరిగి లోపలికి రావు. డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఈ సంగతి అతను అందరికీ చెబుతూ వచ్చాడు. ఆ సాయంత్రం ఒక్క గంట ఆగి, చల్లారాక మూత తీసి ఉంటే కనబడేది. ఆగలేదు.

మర్నాడు ఆమెకు గుండె నొప్పి వస్తే ఆ వ్యానులోనే పడుకోబెట్టారు. ఎత్తు రోడ్డు మీద సగంలో వ్యాను పొగలు కక్కి ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి నలభై నిమిషాలు పట్టింది.

ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ ఇప్పుడు ఈ బెంచీకి రెండు చివర్లా ఉన్నారు. బావమరిది ఆ రోజు ఎదురు తిరిగి నలుగురిలో అరిచి ఉంటే, కొట్టి ఉంటే, మేస్త్రికి ఏదో ఒక దారి ఉండేది. వాడు నోరు మెదపలేదు. ఆ నోరు మెదపకపోవడాన్నే మేస్త్రి ఇప్పటికీ క్షమించలేదు.

పదకొండయింది. మేస్త్రి లేచి ఇంజన్ మీద వేళ్ల వెనక భాగం ఆనించాడు. చల్లగా ఉంది.

"టార్చి పట్టుకో," అన్నాడు కూతురితో.

ఆమె వచ్చి ఎడమ పక్కన నిలబడింది. స్టూలెక్కితే గానీ అందని వయసు నుంచి ఈ షెడ్డులో ఆమె పని అదే. వెలుతురు ఎక్కడ కావాలో చెప్పనక్కర్లేదు. అతని చెయ్యి వెళ్లకముందే వెలుతురు వెళుతుంది.

మూత మీద గుడ్డ వేసి, నొక్కి తిప్పాడు. అంచు దాకా పచ్చగా, తేటగా ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ఉంది. వేలు ముంచి బొటనవేలితో రుద్దాడు. జిడ్డు లేదు, తుప్పు లేదు. మూత కింద రబ్బరు వంచి చూశాడు. మెత్తగా ఉంది, పగుళ్లు లేవు.

"డబ్బాలో కూడా గీత దాకా ఉంది నాన్నా."

"డబ్బా చూసి బండి బాగుందనేవాడు అసలు మెకానిక్కే కాదు."

ఎప్పుడూ అనే మాటే కాబట్టి నోట్లోంచి వచ్చేసింది. బెంచీ మీద బావమరిది చిన్నగా దగ్గాడు. మేస్త్రి తల ఎత్తలేదు.

గొట్టాలు ఒక్కొక్కటే పట్టి నొక్కాడు. గట్టిపడలేదు, మరీ మెత్తబడలేదు. క్లిప్పుల దగ్గర కారి ఎండిన తెల్లటి చార లేదు. రేడియేటర్ ముందు రేకులు రెండు మూడు చోట్ల వంగాయి, రాళ్లు తగిలిన గుర్తులు, అంతే. అతుకు మందు పూసిన జాడ లేదు. నీళ్లు తోసే పంపు కింద చిన్న కన్నం ఉంటుంది. లోపలి సీలు అరిగితే మొదటి చుక్క కారేది అక్కడే. వెల్లకిలా పడుకుని అక్కడ వేలు పెట్టాడు. పొడిగా ఉంది. ఆయిల్ కనబడే గాజు బిళ్లలోకి చూశాడు. నీళ్లు కలిస్తే ఆయిల్ పాలు పోసిన టీలా మారుతుంది. ఇది తేనెలా ఉంది.

ఒక్కో భాగం బాగుందని తేలినకొద్దీ మేస్త్రి మొహం గంటు పెట్టుకుంటున్నాడు. బండిని చూసుకున్న చెయ్యి కనబడుతూనే ఉంది. ఒకసారి నీళ్ల దగ్గర దెబ్బతిన్న మనిషి చెయ్యి అది. ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా ఉత్త నీళ్లు పోసి సరిపెట్టలేదు.

"మూత పెట్టకుండా స్టార్ట్ చెయ్యి," అన్నాడు.

కూతురు ఒక చేత్తో టార్చి పట్టుకునే రెండో చేత్తో తాళం తిప్పింది. ఒక్క నొక్కుకే అందుకుంది. ఇద్దరూ వంగి రేడియేటర్ నోట్లోకి చూశారు. హెడ్ గాస్కెట్ అని ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య పలచటి రేకు ఉంటుంది. అది పోతే మంట గాలి నీళ్లలోకి చొరబడి, అన్నం ఉడికినట్టు ఆగకుండా బుడగలు వస్తాయి. దానికి ఇంజన్ మొత్తం విప్పాలి. రెండు రోజుల్లో అయ్యే పని కాదు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. పచ్చటి నీళ్లు సన్నగా వణికాయి. అంతకు మించి ఏమీ లేదు.

మేస్త్రి మూత పెట్టి బిగించాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఈ బండి ఇక్కడ ఉంటే వీడు రోజూ ఇక్కడ ఉన్నట్టే. పొద్దున లేస్తే ఎదురుగా అదే. ఏదో ఒక రోజు వీడో తనో కూతురి ముందు మాట జారతారు.

"గాస్కెట్ పోయింది," అన్నాడు.

ఇంజన్ నడుస్తూనే ఉంది. బావమరిది బెంచీ మీంచి అతన్ని సూటిగా చూశాడు. పొద్దుటి నుంచి అలా చూడడం అదే మొదలు. ఆ చూపులో కోపం లేదు. అదే ఘోరం.

"అలాగా బావా," అన్నాడు. "నాకు తెలియలేదు. అయితే తీసుకుపోతాను."

మళ్లీ అదే. తల దించుకుని వెళ్లిపోవడం.

"ఆగు మామయ్యా," అంది కూతురు. ఆమె టార్చి ఆర్పలేదు. "నాన్నా, గాస్కెట్ పోతే బుడగలు రావాలి కదా?"

"వచ్చాయి."

"రాలేదు."

"నీకేం తెలుసు?"

"టార్చి పట్టుకున్నది నేను."

మేస్త్రి టార్చి వైపు చూశాడు. ఇన్నేళ్లుగా ఆ వెలుతురు పక్కనే ఉంది. ఆ వెలుతురు వెనక రెండు కళ్లుంటాయన్న సంగతే మరిచిపోయాడు.

"పదేళ్ల వయసులో నువ్వే నేర్పావు. మొదట్లో ఒకటి రెండు వస్తే గాలి, ఆగకుండా వస్తే గాస్కెట్ అన్నావు. ఇందులో ఒకటి కూడా రాలేదు. ఎందుకు అబద్ధం చెప్పావు?"

"నాకు కనబడింది నేను చెప్పాను. వినకపోతే నీ ఇష్టం."

"నా ఉద్యోగం పోయినా ఫరవాలేదా నీకు? మామయ్య మీద కక్ష తీరితే చాలా?"

"పోనీలే తల్లీ," అన్నాడు బావమరిది.

"నువ్వు ఊరుకో మామయ్యా. ప్రతిదానికీ పోనీలే అంటావు."

మీటరు మీద ముల్లు మెల్లగా పైకెక్కుతోంది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకోవడం కంటే అదే తేలిక కాబట్టి. ఎక్కవలసినంత ఎక్కాక ఫ్యాను దానంతట అదే తిరిగింది. వేడి గాలి మేస్త్రి కాళ్లకు కొట్టింది. ముల్లు దిగింది. ఫ్యాను ఆగింది. చెయ్యవలసిన పని చెయ్యవలసినట్టే చేసింది.

కూతురు తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది. దర్జీ మిషన్ చప్పుడు కూడా ఎప్పుడు ఆగిందో ఆగింది.

"ఇంకొకటి అడుగుతాను," అంది. "అమ్మ పోయే ముందు రోజు సాయంత్రం మామయ్య వ్యాను ఇక్కడే ఉంది. నేను కాలేజీ నుంచి వస్తూ చూశాను. ఇదే చోట. ఎందుకొచ్చింది?"

మేస్త్రి చేతిలో గుడ్డను మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

బావమరిది మోకాలు పట్టుకుని లేచాడు. వాడు ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పి కప్పేస్తాడని మేస్త్రికి తెలుసు. గాలి నింపించుకోవడానికి వచ్చానంటాడు. ఊరికే వచ్చానంటాడు. అలా అంటే తను ఆ మాట పట్టుకుని ఇంకో మూడేళ్లు బతికేస్తాడు.

"అదీ... ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాడు బావమరిది.

"మామయ్యా, నిన్నడగలేదు."

బావమరిది ఆగిపోయాడు. బావ వైపు చూశాడు. చేతులు కట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

"బండి బాగుంది," అన్నాడు మేస్త్రి. "గాస్కెట్ బాగుంది. అన్నీ బాగున్నాయి. సోమవారం దీని మీదే వెళ్లు."

"నేనడిగింది అది కాదు."

"తెలుసు."

మేస్త్రి బండి మీద చెయ్యి వేసి, బండితో చెబుతున్నట్టు చెప్పాడు. "ఆ వ్యాను వేడిగా ఉంది. డబ్బా చూశాను. చల్లారే దాకా ఆగలేదు. బాగుందన్నాను."

కూతురికి ఇంకేమీ వివరించనక్కర్లేదు. ఆమె ఈ షెడ్డులో పెరిగిన పిల్ల.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. అరుస్తుందనుకున్నాడు. ఆమె టార్చి ఆర్పి, దాని చోటులో దాన్ని పెట్టింది. లోపలికి వెళ్లి హెల్మెట్ తెచ్చుకుంది. బండిని స్టాండు మీంచి దించింది.

"మామయ్యా, ఎక్కు. దింపుతాను."

"తల్లీ, ఇప్పుడు కాదు..."

"ఎక్కు మామయ్యా."

బావమరిది ఎక్కాడు. వంగని కాలును చేత్తో పట్టి ఫుట్‌రెస్టు మీద పెట్టుకున్నాడు. మేస్త్రి రెండడుగులు ముందుకు వేశాడు.

"ఎప్పుడొస్తావ్?"

కూతురు హెల్మెట్ పట్టీ బిగించుకుంటోంది. వినబడిందో లేదో తెలియలేదు. బండి మలుపు తిరిగే దాకా అతను చప్పుడు విన్నాడు. ఇంజన్‌లో ఎక్కడా తేడా లేదు.

గోడ మీద దర్జీ తల కనబడింది. ఈసారి ఏమీ అనకుండానే దిగిపోయింది.

మేస్త్రి వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి పొద్దున తను విప్పినట్టే పడి ఉంది. ఇప్పుడు బయట చెయ్యడానికి ఏమీ లేదు కాబట్టి కూర్చుని బర్నరు బిగించాడు. ముట్టించాడు. నీలంగా, శుభ్రంగా మండింది.

పక్కన గిన్నెలో కూతురు పొద్దున్నే బియ్యం కడిగి నానబెట్టి ఉంచింది. ఇద్దరికి ఎంత పడుతుందో అతనికి తెలుసు. అది ఇద్దరి కొలత కాదు. ముగ్గురిది.

ఎంతమందికి వండాలో తేల్చుకోలేక, కాసేపు మంటను చూసి, పొయ్యి ఆపేశాడు.